పందిరి పైన ఆకాశం

పెళ్లి ఫొటోలు మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్లు ఒకప్పుడు ముందుగా ఆల్బమ్ గురించి అడిగేవాళ్లు. ఎన్ని షీట్లు, ఏ సైజు, అట్ట మీద వధూవరుల బొమ్మ వేస్తారా... అక్కణ్నుంచి మొదలై చివరికి బేరం దగ్గరికి వచ్చేది. ఇప్పుడు కుర్చీలో కూర్చోకముందే ఒకటే ప్రశ్న. ‘డ్రోన్ ఉంటుంది కదన్నా?’ ఉందంటే మాటలు ముందుకు సాగుతాయి. లేదంటే తెప్పించిన టీ కూడా తాగకుండా పక్క స్టూడియోకి వెళ్లిపోతారు.

మదనపల్లెలో నాది పాతికేళ్ల స్టూడియో. యాషికా కెమెరాతో, రీలుకు ముప్పయ్యారు ఫొటోలని లెక్కపెట్టుకుంటూ మొదలుపెట్టినవాణ్ని. వీడియో క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది. సీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది. అన్నిటికీ అలవాటు పడ్డాను. డ్రోన్ రిమోట్ మాత్రం మా అక్క కొడుకు చేతిలోనే ఉంటుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు. నా కంటికి ఆనని చుక్కను వాడు రెండు బొటనవేళ్లతో ఆడిస్తుంటే, పందిట్లో అక్షింతలు పట్టుకుని నిలబడ్డ పెద్దలు కూడా తలలెత్తి ఆకాశం వంక చూస్తుంటారు. ‘జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడైనా కిందికి చూడండయ్యా’ అని ఒక పురోహితుడు మైకులోనే విసుక్కున్నాడు.

మా పడమటి మండలాల్లో డ్రోన్ ఎగరేయడం సులువు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం... ఈ మెట్ట సీమలో విమానాలు దిగే చోటు ఒక్కటీ లేదు. విమానం ఎక్కాలంటే చింతామణి మీదుగా బెంగళూరు దేవనహళ్లికి పోవాలి. లేదా భాకరాపేట ఘాట్ దిగి రేణిగుంటకు చేరాలి. మదనపల్లె నుంచి ఎటు పోయినా రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైమాటే. మా నెత్తి మీదుగా పోయే విమానాలు ఎక్కడో మేఘాలపైన తెల్లటి గీతలు గీసుకుంటూ పోతాయి. వాటికీ మా పెళ్లి పందిళ్లకూ ఏం సంబంధం?

డీజీసీఏ 2021 సెప్టెంబరులో దేశం మొత్తానికి ఒక మ్యాప్ విడుదల చేసింది. డిజిటల్ స్కై అని దాని పేరు. ఆకాశాన్ని మూడు రంగులుగా విడగొట్టారు. ఆకుపచ్చ చోట 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. పసుపు చోట విమానాల రాకపోకలు చూసే కంట్రోల్ టవర్ వాళ్లు సరేననాలి. ఎరుపు చోట కేంద్ర ప్రభుత్వమే అనుమతించాలి. ఆ మ్యాప్‌లో మా ప్రాంతం చాలావరకు ఆకుపచ్చే. మా కుర్రాళ్లంతా ఆ ఆకుపచ్చలో నేర్చుకున్నవాళ్లు. ఈత బావిలో నేర్చుకుని సముద్రంలో దూకినట్టు, అదే ధీమాతో డ్రోన్‌ను సంచిలో వేసుకుని ఏ ఊరికైనా బయల్దేరతారు. నాకు భయం పుట్టించేది ఆ ధీమానే.

ఆకుపచ్చ అనుకున్న చోట కూడా అంతా మనం అనుకున్నట్టు ఉండదు. హార్సిలీ హిల్స్ సంగతే చూడండి. మదనపల్లె సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తులో ఉంది. కొండ మీది ఎత్తు 1,265 మీటర్లు. కొత్త జంటల ఫొటోలకు అందరూ అక్కడి గాలి బండ దగ్గరికే పోతారు. (అటవీశాఖ అనుమతుల గొడవ వేరే ఉంది, ఇప్పుడు దాని జోలికి పోను.) ఆ బండ మీంచి డ్రోన్ లేపి, ఎత్తు పెంచకుండా తిన్నగా లోయ మీదికి తోలారనుకుందాం. రిమోట్ తెర మీద ఎత్తు ఎంత చూపిస్తుంది? సున్నా! ఎందుకంటే అది ఎత్తును కొలిచేది తను లేచిన చోటి నుంచి. కింద నేల మాత్రం ఎప్పుడో జారిపోయి వందల మీటర్ల లోతుకు వెళ్లింది. చట్టం లెక్కపెట్టేది నేల నుంచి ఉన్న ఎత్తును. తెర మీద సున్నా చూసుకుంటూ, 400 అడుగులు దాటి ఎప్పుడు పసుపు ఆకాశంలోకి పోయామో మనకే తెలియదు. ఈ ముక్క నేను మా అబ్బోడికి చెబితే ముందు నవ్వాడు. తర్వాత కాగితం మీద కొండ, లోయ గీసి చూపిస్తే నవ్వు ఆపేశాడు.

దానికితోడు మా దగ్గర ఆషాఢం గాలి. ముహూర్తాలు లేని నెల కాబట్టి సరిపోయింది గానీ, ఆ గాలి శ్రావణంలో కూడా పూర్తిగా తగ్గదు. సిగ్నల్ తెగితే డ్రోన్ తనంతట తానే ముందుగా పెట్టిన ఎత్తుకు లేచి, బయల్దేరిన చోటికి తిరిగొస్తుంది. ఎదురుగాలి గట్టిగా ఉంటే దారిలోనే బ్యాటరీ అయిపోతుంది. అప్పుడు అది ఎవరి మిద్దె మీద పడుతుందో, ఎవరి టమాటా తోటలో పడుతుందో దాని ఇష్టం.

కిందటి ఫాల్గుణంలో ఒక పెళ్లి ఒప్పుకున్నాం. అమ్మాయిది పుంగనూరు, అబ్బాయిది రేణిగుంట. పెళ్లికూతుర్ని చేసేది పుంగనూరులో, పెళ్లి రేణిగుంటలో. అడ్వాన్సు తీసుకున్నాక కల్యాణ మండపం ఎక్కడో మ్యాప్‌లో చూశాను. విమానాశ్రయం ప్రహరీకి మూడు కిలోమీటర్ల లోపే. చుట్టూ అంతా ఎరుపు.

మావాడికి చెప్పాను. వాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

‘చిన్నది తీసకపోదాం మామా. 249 గ్రాములే. నానో అంటారు దాన్ని. నానోకి రూల్స్ లేవంట.’

‘లేవని ఎవురు చెప్పినారు రా?’

‘అందురూ అంటా ఉండారు.’

ఇదే ఇప్పుడు ఊరూరా తిరుగుతున్న మాట. 250 గ్రాముల లోపు ఉన్నదాన్ని ఎగరేయడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నది నిజం. అంతకంటే బరువున్న మైక్రో రకానికి కూడా, సొంత సరదాకైతే అక్కర్లేదు. మాలాగా డబ్బు తీసుకుని చేసేవాళ్లకు కావాలి. పద్దెనిమిదేళ్లు నిండి, పదో తరగతి పాసై, డీజీసీఏ గుర్తించిన చోట శిక్షణ తీసుకుంటేనే ఇస్తారు. మావాడు తీసుకున్నాడు. అయితే సర్టిఫికెట్ మినహాయింపు వేరు, ఎర్ర రంగులోకి పోవడం వేరు. ఆవగింజంత డ్రోనైనా ఎరుపు ఎరుపే.

పెళ్లికూతురి తండ్రికి ఫోన్ చేసి, పెళ్లినాడు డ్రోన్ కుదరదని చెప్పాను. ఆయన మర్యాదస్తుడు. గొంతు పెంచలేదు. ‘పోయినేడు మా తోడల్లుడి కూతురి పెళ్లి కూడా ఆ పక్కనే జరిగింది సార్. అప్పుడు ఎగరేసినారే. ఏమైంది? ఏమీ కాలేదు కదా?’ అన్నాడు.

ఈ ‘ఏమీ కాలేదు కదా’ అన్న మాటకు జవాబు చెప్పడం ఎంత కష్టమో! నిజంగానే ఏమీ కాలేదు. హెల్మెట్ లేకుండా ముప్పయ్యేళ్లు బండి నడిపినవాడు కూడా అదే అంటాడు. నేను ఏదో విమానాల రాకపోకల గురించి చెప్పబోయాను. ‘అవన్నీ మాకెందుకు సార్, అబ్బాయి వాళ్ల ముందు మా పరువు పోతుంది’ అన్నాడాయన. చివరికి, పుంగనూరులో పెళ్లికూతుర్ని చేసేనాడు డ్రోన్ ఎంతసేపైనా ఎగరేస్తామనీ, రేణిగుంటలో దానికి బదులు జిమ్మీ జిబ్ పెడతామనీ ఒప్పుకున్నాం. జిమ్మీ జిబ్ అద్దె మా నెత్తిన. పైగా ఆయన పదిహేను వేలు తగ్గించుకున్నాడు. ఆ నెల స్టూడియో అద్దె ఎట్లా కట్టానో నాకే తెలుసు.

పుంగనూరులో డ్రోన్ తీరిగ్గా ఎగిరింది. మంగళ స్నానాలు, మేళం, వీధి పొడవునా ముగ్గులు, అన్నీ పైనుంచి ముచ్చటగా వచ్చాయి. వాళ్లింట్లో నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవు ఒకటుంది. ఆ రొదకు బెదిరి పలుపు తెంచుకుని ముత్తయిదువల మధ్యలోంచి పరుగెత్తడం తప్ప అపశ్రుతి ఏదీ లేదు. ఆ పరుగే వీడియోలో అందరికీ నచ్చింది!

రేణిగుంటలో సాయంత్రం రిసెప్షన్‌కు ముందు లైట్లు చూసుకోవడానికి మేమిద్దరం మండపం మిద్దె ఎక్కాం. పొద్దు వాలుతోంది. తూర్పు దిక్కున చిన్న దీపం కనిపించింది. నక్షత్రమనుకున్నాం. అది అక్కడే ఉన్నట్టుంది, పెద్దదవుతోంది. చూస్తుండగానే రెక్కలు, కిటికీలు, కిందికి దించిన చక్రాలు కూడా తెలిశాయి. మా పక్కగా పోయి చెట్ల వెనక దిగిపోయింది. చప్పుడు తర్వాత వచ్చింది. మావాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘ఇంత కిందికి వస్తాదా మామా?’ అని మాత్రం అడిగాడు.

వస్తుంది. దిగే విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. రన్‌వే మొదలుకు రెండు కిలోమీటర్ల దూరంలో దాని ఎత్తు ఇంచుమించు 120 మీటర్లు. అంటే సుమారుగా 400 అడుగులు. మా మదనపల్లెలో అడక్కుండా ఎగరేసుకోమన్న ఎత్తు సరిగ్గా అదే! అప్పుడు దాని వేగం గంటకు 250 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. సెకనుకు 70 మీటర్లు. బొప్పాయి పండంత బూడిదరంగు వస్తువు పైలట్‌కు కనపడేటప్పటికి తప్పించుకునే సమయం ఉండదు. మనకు తెర మీద పందిరి కనిపిస్తుంది, ఊరేగింపు కనిపిస్తుంది. వెనక నుంచి వచ్చే విమానం కనిపించదు. డ్రోన్ కన్ను మనం తిప్పిన వైపే చూస్తుంది.

‘అయినా ఇంత ప్లాస్టిక్ ముక్క అంత విమానాన్ని ఏం చేస్తుంది?’ అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. 2018లో అమెరికాలోని డేటన్ విశ్వవిద్యాలయం వాళ్లు కిలో కూడా లేని డ్రోన్‌ను గంటకు సుమారు 380 కిలోమీటర్ల వేగంతో ఒక చిన్న విమానం రెక్క మీదికి పేల్చి చూశారు. అది రెక్క అంచును చీల్చుకుని లోపలికి దూరి, రెక్కను మోసే ప్రధాన దూలాన్ని దెబ్బతీసింది. అంతే బరువున్న పక్షి లాంటి జెల్ ముద్దను కూడా విసిరి చూశారు. పైకి గాయం పెద్దదిగా కనిపించినా, అది డ్రోన్ అంత లోతుకు పోలేదు. పక్షి మెత్తటి మాంసం. డ్రోన్‌లో మోటార్లూ బ్యాటరీ ఉంటాయి.

ప్రయోగశాలలోనే కాదు, ఆకాశంలోనూ జరిగింది. 2017 అక్టోబరులో కెనడాలోని క్యుబెక్ నగరంలో దిగబోతున్న చిన్న విమానం రెక్కకు 1,500 అడుగుల ఎత్తులో డ్రోన్ తగిలింది. లోపల ఎనిమిది మంది. అదృష్టం బాగుండి క్షేమంగా దిగారు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ అడవుల మంటలప్పుడు ఒకాయన పార్కింగ్ భవనం పైనుంచి, మంటలు చూద్దామని డ్రోన్ ఎగరేశాడు. రెండున్నర కిలోమీటర్లు పోయాక అది ఆయన కంటికి కనపడకుండా పోయింది. పోయి పోయి మంటల మీద నీళ్లు చల్లుతున్న విమానం రెక్కకు కన్నం పెట్టింది. ఆ విమానం మరమ్మతు కోసం నేల మీదే ఉండిపోయింది. ఊరు తగలబడుతుంటే నీళ్ల బిందె పగలగొట్టినట్టు!

తగలక్కర్లేదు, ఉందన్న అనుమానం చాలు. 2018 డిసెంబరులో లండన్ గాట్విక్ విమానాశ్రయం దగ్గర డ్రోన్ కనిపించిందని రన్‌వే మూసేశారు. క్రిస్మస్ ముందు రోజులు. దాదాపు వెయ్యి విమానాలు, లక్షా నలభై వేల మంది ప్రయాణికులు ఇరుక్కుపోయారు. ఎగరేసింది ఎవరో పోలీసులు తేల్చలేకపోయారు. మన దేశంలోనే 2023 నవంబరులో, గుర్తు తెలియని వస్తువు ఎగురుతోందని ఇంఫాల్ విమానాశ్రయాన్ని కొన్ని గంటలు ఆపేశారు.

ఇక మన చట్టం కథ. 2014 అక్టోబరులో డీజీసీఏ ఒక నోటీసు ఇచ్చి, మామూలు పౌరులు డ్రోన్లు ఎగరేయడాన్నే నిలిపేసింది. 2018 డిసెంబరులో కొత్త నిబంధనలు వచ్చేదాకా అదే పద్ధతి. ఆ నాలుగేళ్లలో మీరు చూసిన పెళ్లి వీడియోల్లో పైనుంచి తీసినవెన్ని ఉన్నాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి! 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ చాలా వాటిని సులువు చేశాయి. విమానాశ్రయం చుట్టూ పసుపు వలయం అంతకుముందు 45 కిలోమీటర్లుండేది, దాన్ని 12కు తగ్గించారు. ప్రహరీ నుంచి 5 మొదలు 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే పసుపు. 8 నుంచి 12 మధ్య 200 అడుగుల దాకా ఆకుపచ్చ, ఆ పైన పసుపు. తప్పితే లక్ష రూపాయల వరకు జరిమానా అన్నారు. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని కూడా ఆపేశారు. అయినా చేతుల మీదుగా చేతులు మారుతూ అవి ఊళ్లకు చేరుతూనే ఉన్నాయి. అట్లా వచ్చిన డబ్బాలో ఛార్జరు ఉంటుంది, అదనపు రెక్కలు ఉంటాయి. ఎక్కడ ఎగరేయకూడదో చెప్పే తెలుగు కాగితం ముక్క ఉండదు.

నిబంధనలు చెడ్డవని నేననను. నిజానికి ఇంత తేలిగ్గా ఉంటాయని నేనూ అనుకోలేదు. అవి ఎవరికి తెలియాలో వాళ్లకు తెలియకపోవడమే చిక్కు. ఆకుపచ్చ ప్రాంతంలో, కాగితాలన్నీ ఉన్నా, ఒక ఊళ్లో పోలీసాయన మావాణ్ని గంటసేపు కూర్చోబెట్టాడు. మ్యాప్ చూపిస్తే ‘ఫోన్‌లో ఏదైనా చూపించొచ్చు’ అన్నాడు. మరోచోట ఎరుపులో ఎగరేస్తున్నవాళ్ల పక్కనే నిలబడి సెల్ఫీలు తీసుకున్నవాళ్లనూ చూశాను. తిరుమలలో డ్రోన్ వద్దని అందరికీ తెలుసు. అయినా 2023 జనవరిలో శ్రీవారి ఆలయం పైనుంచి తీసిన వీడియో బయటికొచ్చి కేసు దాకా పోయింది. రేణిగుంట చుట్టూ ఉన్న కల్యాణ మండపాల గోడ మీద, ‘బయటి భోజనం తీసుకురాకూడదు’ అన్న బోర్డు పక్కన డ్రోన్ గురించి కూడా ఒక బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? హాలు బుక్ చేసుకునేటప్పుడే తెలిస్తే, పెళ్లికూతురి తండ్రి నాతో పరువు గురించి మాట్లాడే పని ఉండేది కాదు.

ఇదంతా రేణిగుంట సంగతి, మనకు దూరం అనుకోవడానికి లేదు. కుప్పం ఉంది కదా! శాంతిపురం మండలం వైపు విమానాశ్రయం అన్న మాట ఏళ్లుగా నలుగుతోంది. 2019 ఎన్నికలకు ముందు శంకుస్థాపన కూడా జరిగింది. విమానాలు మాత్రం ఇంకా దిగలేదు. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం కాబట్టి హెలికాప్టర్లు అక్కడివాళ్లకు కొత్త కాదు. అట్లాంటి సందర్భాల్లో ఎస్పీ స్థాయి అధికారి ఒక చోటును 96 గంటల వరకు తాత్కాలిక ఎర్ర జోన్‌గా ప్రకటించవచ్చు. నిన్నటిదాకా ఆకుపచ్చగా ఉన్న ఊరు ఇవాళ ఎరుపు. పెళ్లి అదే రోజైతే మనం సర్దుకోవాల్సిందే.

మొన్న కుప్పం పోయినప్పుడు పాత మిత్రుడి ఇంట్లో దిగాం. ఆయన కొడుకు పది లీటర్ల ట్యాంకున్న డ్రోన్‌తో చుట్టుపక్కల పొలాలకు మందు కొడుతుంటాడు. బ్యాంకు అప్పు మీద కొన్నాడు. అక్కడి రైతులకు ఒకవైపు పురుగు, మరోవైపు కౌండిన్య అడవిలోంచి వచ్చే ఏనుగులు. ఉన్న కూలీలు పొద్దున్నే బెంగళూరు రైలెక్కేస్తారు. అందుకని ఆ కుర్రాడికి చేతినిండా పని. విమానాశ్రయం మాట ఎత్తగానే అతని ముఖం మారింది.

‘నాది చెట్టు మీద మూడు మీటర్లకు మించి లేయదు అంకుల్. విమానానికి అది ఏం అడ్డం? రేపు ఎయిర్‌పోర్టు వస్తే మందు కొట్టేదానికి కూడా ఢిల్లీని అడగాల్నా?’

నేను చట్టం పక్షాన మాట్లాడబోయి ఆగాను. అతను అడిగింది న్యాయమే. ఎర్ర రంగు నేల నుంచే మొదలవుతుంది, అందులో మూడు మీటర్లకూ మూడు వందల మీటర్లకూ తేడా లేదు. నా పెళ్లి వీడియోలో డ్రోన్ లేకపోతే పోయేది పదిహేను వేలు. అతనికి నెలనెలా వాయిదా ఉంది, పొలంలో పురుగు ఆగదు. విమానంలో వచ్చేవాళ్ల ప్రాణం ముఖ్యమే. కానీ మొదటి విమానం దిగకముందే, ఆ వలయాల లోపల ఎన్ని ఊళ్లు వస్తాయో, పొలం పని చేసుకునేవాళ్లు ఎవరికి ఫోన్ చేయాలో, ఎన్ని గంటల్లో జవాబు వస్తుందో చెప్పేవాళ్లు కావాలి. గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో ఒక మ్యాప్ అంటించినా చాలావరకు పని జరుగుతుంది. భూమి పోయినవాళ్లకు పరిహారం లెక్కలుంటాయి. ఆకాశం పోయినవాళ్ల గురించి ఎవరూ లెక్క వేయరు.

మేం మాట్లాడుకుంటుంటే మావాడు ఆ ఇంటి చిన్నపిల్ల జామెట్రీ బాక్సులోంచి కంపాస్ తీసుకున్నాడు. నోటుపుస్తకంలో కుప్పం, శాంతిపురం, రామకుప్పం గుర్తులు పెట్టి, ఫోన్‌లో దూరాలు చూసుకుంటూ 5, 8, 12 కిలోమీటర్ల లెక్కన మూడు వలయాలు గీశాడు. విమానాశ్రయం నడవడం మొదలైతేనే ఇవి అమల్లోకి వస్తాయనీ, అప్పటిదాకా ఎవరూ కంగారు పడక్కర్లేదనీ ఆ కుర్రాడికి వాడే సర్దిచెప్పాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. మా పొలం ఎందులో ఉంది, మా అత్తగారి ఊరు ఎందులో ఉంది అని ఒకటే అడగడం. మిత్రుడి భార్య కాఫీ గ్లాసులు పెడుతూ, తమ చిన్నమ్మాయి పెళ్లికి మాట్లాడి పెట్టుకున్న మండపం ఎక్కడ పడిందని అడిగింది.

మావాడు వేలితో చూపించాడు. ‘పసుపులో అత్తా. ముహూర్తం ఎప్పుడు?’